ప్రింటరుకో డ్రైవరు

అల్లుడుగారికి మీ మామ ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా అని రాద్దామనే కూర్చున్నాను. రాయలేకపోతున్నాను. మొన్న మీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి ఇంట్లో ఎవరికీ అన్నం సయించడం లేదు. "కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌కి అనుకున్నదానికి నాలుగింతలు ఖర్చవుతోంది, అందరం ఆందోళనగా ఉన్నాం" అని ఒక్క ముక్క రాసి, కింద సంతకం పెట్టి ఊరుకున్నారు. మీ అత్తగారు "ఆపరేటింగ్" అన్న మాట వరకే విన్నారు. ఆపరేషను ఏ భాగానికో, కుట్లు ఎన్ని పడతాయో అడుగుతున్నారు. అది కంప్యూటరుకి సంబంధించినదట అని చెప్పాను. "కంప్యూటరుకైతే నాలుగింతలు ఎందుకవుతుంది, మనిషికే అవుతుంది" అంటున్నారు.

బాబూ, నేను ముప్పై ఏళ్లు బస్సు డిపో మేనేజరుగా చేసినవాణ్ణి. డ్రైవర్లు రాసిచ్చిన సంజాయిషీలు చదివీ చదివీ నాకో అలవాటు పట్టుబడింది. పొట్టిగా రాశాడంటే ఏదో దాస్తున్నాడని అర్థం. మీ ఉత్తరాలు నెలనెలా పొట్టివైపోతున్నాయి.

బ్యాంకులో కంప్యూటర్ల సెక్షన్‌లో నీడపట్టున ఉన్న ఉద్యోగం మానేసి మీరు ఈ కంపెనీలో చేరినప్పుడు నేను ఒక్క మాట అనలేదు. ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకుంటారని, రహస్యాలు బయటికి పోకుండా మిమ్మల్ని హాస్టల్లో పెట్టారని విన్నప్పుడూ అనలేదు. ఇప్పుడు మాత్రం అడగక తప్పడం లేదు. పని పూర్తవగానే ఫ్యామిలీ క్వార్టర్స్ ఇస్తారని మీరు చెప్పిన మాట పట్టుకుని అమ్మాయి రాజీనామా రాసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకు తిరుగుతోంది. కళ్లద్దాల షాపులో చూపు పరీక్ష చేసే పని అంటే దానికి ప్రాణమని మీకు తెలుసు. షాపు ఓనరు ఏదో ఒకటి తేల్చమంటున్నాడు. రాజీనామా ఇవ్వమంటారా, వద్దంటారా? అసలు మీరు తయారుచేస్తున్నదేమిటి, దానికంత ఖర్చెందుకు? నాకు అర్థమయ్యేలా రాయండి.

మీ క్షేమం కోరే
మామ

తా.క.: మీ అత్తగారు మెత్తటి దిండు ఒకటి పార్సెల్ చేస్తానంటున్నారు. వద్దంటే అనుమానం పెరుగుతుంది. వచ్చినప్పుడు పుచ్చుకోండి.

---

పూజ్యులైన మామగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. నేను ఆరోగ్యంగా ఉన్నాను. నాకు ఏ భాగానికీ ఏమీ కాలేదని అత్తగారితో చెప్పండి. దిండు అందింది, బాగుంది.

మీరు అడిగినది వివరంగా రాస్తాను. డిపోలో బస్సులుంటాయి, డీజిలుంటుంది, జనం ఉంటారు. ఏ బస్సు ఎప్పుడు ఎటు కదలాలో చెప్పే మేనేజరు లేకపోతే అదంతా ఒట్టి ఇనుప సామాను. కంప్యూటరుకి ఆ మేనేజరే ఆపరేటింగ్ సిస్టమ్. ఇప్పుడు అందరూ వాడుతున్నవి ఒకటో రెండో ఉన్నాయి. అవి ఇంకొకరివి. "ఎన్నాళ్లని అద్దె ఇంట్లో మేకు కొట్టుకోవడానికి కూడా పర్మిషన్ అడుగుదాం" అని మా ఛైర్మన్‌గారు సొంతంగా ఒకటి తయారుచేయడానికి పూనుకున్నారు.

ఖర్చు ఎందుకంటే, పాతవాటి వెనక వేల మంది దశాబ్దాల కష్టం ఉంది. మనది పుట్టిన రోజునే వాటితో సమానంగా పరుగెత్తాలి. బజారులో దొరికే ప్రతి రకం కంప్యూటరూ కొని తెచ్చి, ఒక్కోదాని మీద ఒక్కోసారి నడిపి చూడాలి. ఒక హాలు నిండా అవే. దాని కరెంటు బిల్లు వచ్చిన రోజు ఛైర్మన్‌గారు లంచ్‌కి దిగి రారు. మేం ఎనభై మందిమి ఇన్నాళ్లు పనిచేస్తే సిస్టమ్ తెరుచుకుని ఒక నీలం తెరా, ఒక గడియారం చూపిస్తోంది. గడియారం కొంచెం ఆలస్యంగా నడుస్తుంది.

అన్నిటికన్నా పెద్ద తలనొప్పి డ్రైవర్లు. నన్ను వేసింది ఆ విభాగంలోనే. ప్రింటరుకో డ్రైవరు కావాలి, కెమెరాకో డ్రైవరు కావాలి, స్పీకరుకి వేరే. బయటివాళ్ల దగ్గర పనిచేస్తున్న డ్రైవర్లు మా దగ్గరికి రారు. మూడు వందల మందైనా లేకపోతే మా సిస్టమ్‌ని ఎవరూ ముట్టుకోరు. మాకున్నది పదకొండు. అందులో ఇద్దరు మధ్యలో ఆగిపోతారు. ఒకడైతే ఎవరూ చూడనప్పుడే సరిగ్గా పనిచేస్తాడు. డ్రైవరు అంటే మరేమిటో కాదు మామగారూ, ■■■■■■■■■■■■■■■■■■■■■■■■■■■■■■.

రాజీనామాకి తొందరేమీ లేదు. షాపు ఓనరుని ఇంకొన్నాళ్లు ఆగమనండి. అంతా బాగానే ఉంది.

మీ విధేయుడైన
అల్లుడు

తా.క.: ఇది మీ అమ్మాయికి చెప్పకండి. మా అంతస్తులో కాఫీ మిషను తీసేశారు. రిపేరుకి పంపామన్నారు. కానీ అది ఉన్న చోట బల్ల మీద మరకని కూడా తోమేశారు. తిరిగి వచ్చే మిషను కింద మరకని ఎవరైనా తోముతారా? స్టాఫ్ బస్సులు రెండూ కూడా షెడ్డులోనే ఉంటున్నాయి. హాస్టలు నుంచి నడిచే వస్తున్నాం. నడక గుండెకి మంచిదని నోటీసు పెట్టారు.

(గేటు ఆఫీసరు గమనిక: ఈ ఉత్తరం చదివి పంపడమైనది. సాంకేతిక రహస్యం ఉన్న ఒక వాక్యం కొట్టివేయడమైనది. గడియారం సంగతి కూడా రహస్యమే, కానీ చుట్టుపక్కల అందరికీ తెలుసు కనుక ఉంచడమైనది.)

---

అల్లుడుగారికి ఆశీస్సులు.

చదివాను. నాలుగుసార్లు చదివాను. ఇంత జరుగుతుంటే ఒక్క మాట నాతో అనలేదేం? ప్రపంచంలో ఎవరితో చెప్పుకున్నా చెప్పుకోకపోయినా, డ్రైవర్ల కొరత గురించి మాత్రం నాతో చెప్పుకోవాల్సింది.

మూడు వందల మంది కావాల్సిన చోట పదకొండు మందితో డిపో నడుపుతున్నారా! బస్సులు షెడ్డులో పడి ఉండక ఏం చేస్తాయి? మీరు అంత తేలిగ్గా తా.క.లో రాశారు. నాకు చదువుతుంటే చెమటలు పట్టాయి.

ముందు ఆ మధ్యలో ఆగిపోయే ఇద్దరి సంగతి చూడండి. వాళ్లకి షుగరు ఉండి ఉంటుంది. జేబులో రెండు బిస్కెట్లు పెట్టుకోమనండి. ఎవరూ చూడనప్పుడే పనిచేసేవాడు నా దగ్గరా ఒకడుండేవాడు. వాడు బిడియస్తుడు. పక్కన నిలబడి చూడకండి, వాడంతట వాడు దారిలో పడతాడు. ఇక ప్రింటరుకో డ్రైవరు, కెమెరాకో డ్రైవరు అన్నది మాత్రం నాకు నచ్చలేదు. మీ ఛైర్మన్‌గారు ఎంత గొప్పవారైనా కావచ్చు, ఖర్చు నాలుగింతలు ఎందుకయిందో నాకు ఇక్కడే తెలిసిపోయింది. ఒక వ్యానులో ప్రింటరూ, కెమెరా, స్పీకరూ అన్నీ పడతాయి. ఒక్కడు చాలు.

మీరు బెంగపడకండి. నా దగ్గర పనిచేసి రిటైరైన వాళ్లలో పన్నెండు మందిని కూడగట్టాను. హారన్ వస్తున్నాడు. ఆ పేరు ఎందుకు వచ్చిందో వాడు గదిలోకి రాగానే మీకే తెలుస్తుంది. నిదానం వస్తున్నాడు. వాడు సర్వీసులో ఒక్కసారి కూడా ఎవరినీ ఓవర్‌టేక్ చేయలేదు, సైకిలుతో సహా. మిగతావాళ్లూ మంచివాళ్లే. జీతం గురించి నేనేమీ మాట ఇవ్వలేదు. "మేనేజరుగారు పిలిచారు" అంటే చాలన్నారు. ఆ మాటకి నేను కాసేపు పెరట్లోకి వెళ్లి నిలబడాల్సి వచ్చింది.

అమ్మాయికి ఏమీ చెప్పలేదు. "ఆయన బాగున్నారా" అంటే "బ్రహ్మాండంగా" అన్నాను.

ఇట్లు
మీ మామ

తా.క.: మూడు వందలకి ఇంకా చాలా తక్కువని నాకు తెలుసు. పక్క డిపోలో రిటైరైనవాళ్లకి కూడా కబురు చేశాను.

---

పూజ్యులైన మామగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి, మంచినీళ్లు తాగి, మళ్లీ చదివాను. మామగారూ, దండం పెడతాను, ఎవరినీ పంపకండి. గేటు ఆఫీసరు సెలవు మీద ఉండటం వల్ల మీ ఉత్తరం వారం పాటు ఆయన సొరుగులో ఉండిపోయింది. ఇది మీకు వెంటనే చేరాలని దేవుణ్ణి వేడుకుంటున్నాను.

తప్పు నాదే, సరిగ్గా రాయలేదు. నేను చెప్పిన డ్రైవరు మనిషి కాదు. ■■■■■■■■■■■■■■■■■■■■. వాడికి తిండి అక్కర్లేదు, నిద్ర అక్కర్లేదు, జీతం అసలే అక్కర్లేదు. పనిచేయకపోతే తీసి పారేసి ఇంకొకణ్ణి పెట్టుకుంటాం. ఇందులో బాధపడాల్సిందేమీ లేదు, కంప్యూటర్ల వాళ్లందరూ చేసేది ఇదే.

ఇక్కడి పరిస్థితి మీతో కాకపోతే ఎవరితో చెప్పుకోను? పెట్టుబడి పెట్టినవాళ్లు వచ్చే సోమవారం చూడటానికి వస్తున్నారు. ఇంకా డబ్బు పెడతారో లేదో ఆ రోజే తేలుతుంది. సిస్టమ్ తెరుచుకోవాలి, ఒక ఫోటో చూపించాలి, ఒక్క కాగితం ప్రింటు తీయాలి. అంతే. కానీ మా కెర్నల్ రోజుకి నాలుగుసార్లు పడిపోతోంది. ఎందుకు పడిపోతోందో తెలియదు. అందరం పరుగెత్తి లేపుతున్నాం. లేచి కాసేపు బాగానే ఉంటుంది, ఎవరైనా ఫోటో చూపించగానే మళ్లీ పడిపోతుంది.

శబ్దం సంగతి చూసేవాడు మానేశాడు. వాడు రాసినది వాడికి తప్ప ఎవరికీ అర్థం కాదు. ఇప్పుడు సిస్టమ్ తెరిచినప్పుడల్లా ఎవరో మూలిగినట్టు ఒక చప్పుడు వస్తోంది, ఎక్కడి నుంచో పట్టుకోలేకపోతున్నాం. మొదట ఎనభై మందిమి, ఇప్పుడు ముప్పై మందిమి. లిఫ్టు ఆపేశారు. ట్యూబులైట్లు ఒకటి విడిచి ఒకటి తీసేశారు. నా సీటు చీకట్లో పడింది.

ఈ నెల జీతం సగమే ఇచ్చారు. మీ అమ్మాయికి తెలియనివ్వకండి. రాజీనామా ఇవ్వకుండా ఏదో ఒకటి చెప్పి ఆపండి. ఎలా ఆపాలో నాకు తెలియడం లేదు. నిజం చెప్పి ఆపే ధైర్యం నాకు లేదు.

మీ
అల్లుడు

తా.క.: ఛైర్మన్‌గారి కారు కనిపించడం లేదు. ఆయన కూడా గుండెకి మంచిదంటూ నడుస్తున్నారు.

(గేటు ఆఫీసరు గమనిక: ఒక వాక్యం కొట్టివేయడమైనది. మూలుగు గురించి: అది రెండో అంతస్తు మూలగదిలో నుంచి వస్తున్నదని నా అభిప్రాయం. నేను ఆ వైపు వెళ్లడం మానేశాను.)

---

అల్లుడుగారికి,

ఆశీస్సులు ఎప్పుడూ ఉంటాయి. ఈసారి వాటితో పాటు ఒక మాట కూడా ఉంది.

"డ్రైవరు మనిషి కాదు" అని రాశారు. తిండి అక్కర్లేదు, నిద్ర అక్కర్లేదు, జీతం అసలే అక్కర్లేదు అని రాశారు. పనిచేయకపోతే తీసి పారేస్తామని రాశారు. అందులో బాధపడాల్సిందేమీ లేదని కూడా మీరే రాశారు.

నేను ముప్పై ఏళ్లు వాళ్ల మధ్య బతికాను. పండుగనక పబ్బమనక తెల్లవారే బస్సు తీసుకువెళ్లి, నలుగురినీ క్షేమంగా దింపి, చల్లారిన అన్నం తిన్న మనుషులు వాళ్లు. మీలాంటి సౌమ్యుడి కలం నుంచి ఈ మాట రావడం నేను ఊహించలేదు. అల్లుడు అన్నాక ఎదురుగా కోప్పడలేం, అందుకే ఉత్తరంలో కూడా కోప్పడటం లేదు. ఇంత మాత్రం చెబుతున్నాను. మీ ఉత్తరం వచ్చేసరికే నా పన్నెండు మందీ రైలెక్కేశారు. వాళ్లు వచ్చినప్పుడు కూర్చోమని కుర్చీ వేయండి. అంతే కోరుతున్నాను.

కల్నల్‌గారి సంగతి చదివి చాలా కంగారుపడ్డాం. మిలటరీలో పనిచేసిన మనిషి రోజుకి నాలుగుసార్లు పడిపోతుంటే, మీరందరూ లేపి నిలబెట్టి మళ్లీ పనిలో పెడుతున్నారా? పైగా ఫోటో చూపించగానే పడిపోతున్నారంటే అది ఎవరి ఫోటో? ఆ పెద్దమనిషికి ఏం గతం ఉందో ఏమిటో! మూలుగుతున్నది కూడా ఆయనే అయి ఉంటారు. రెండో అంతస్తు మూలగదిలో వెతికించండి. వెంటనే డాక్టరుకి చూపించండి.

ఇక అసలు సంగతి. అమ్మాయి నిన్న రాజీనామా ఇచ్చేసింది. నేను ఆపలేకపోయాను. "ఆయన మనసు ఏమీ బాగాలేదు నాన్నా, నేను పక్కన ఉండాలి" అంది. దానికి ఎలా తెలిసిందో నాకు తెలియదు. నేనైతే ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు.

మీ మామ

తా.క.: ఆపరేషను తలకి జరిగిందని మీ అత్తగారు ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నారు. నేనూ కాదనలేకపోతున్నాను.

---

మామగారికి నమస్కారాలు.

అయిపోయింది. అంతా ఉన్నదున్నట్టు రాస్తున్నాను. దాచడానికి ఇక ఏమీ మిగల్లేదు.

సోమవారం తెల్లవారేసరికి మీ పన్నెండు మందీ గేటు దగ్గర వరసలో నిలబడి ఉన్నారు. నేను పరుగెత్తుకెళ్లేలోపే మా ఉద్యోగాల విభాగం మేడమ్ వాళ్లని లోపలికి తీసుకువెళ్లారు. డ్రైవర్లు ఎక్కడ దొరికినా తీసుకోమని ఛైర్మన్‌గారు ఆమెకి ఎప్పుడో చెప్పి ఉంచారు. ఆరు నెలలుగా ప్రకటన వేస్తే ఒక్కరూ రాలేదు. ఒకేసారి పన్నెండు మంది కనిపించేసరికి ఆమెకి కళ్లనీళ్లు తిరిగాయి. ఎంత అనుభవం అని మాత్రమే అడిగారు. "అందరిదీ కలిపితే మూడొందల ఏళ్లు దాటుతుంది మేడమ్" అన్నాడు హారన్. అందరికీ మెడలో కార్డులు వేసి, సభలో వెనక వరస కుర్చీల్లో కూర్చోబెట్టారు. కుర్చీలు వేశాం మామగారూ. ఆ మాట మాత్రం నిలబెట్టుకున్నాం.

పెట్టుబడివాళ్లు ముగ్గురు వచ్చారు. "మా డ్రైవర్ల బలాన్ని ఈ ఒక్క రోజే రెట్టింపు చేశాం" అన్నారు ఛైర్మన్‌గారు. సిస్టమ్ తెరుచుకుంది. మూలిగింది. ఫోటో వచ్చింది. కెర్నల్ పడిపోలేదు. నా చొక్కా అప్పటికే తడిసిపోయింది. ప్రింటు మీట నేనే నొక్కాను.

ప్రింటరు లైటు వెలిగింది, ఆరింది, మళ్లీ వెలిగింది. కాగితాన్ని సగం దాకా లాక్కుని ఆగిపోయింది. పెట్టుబడివాళ్లలో తెల్లజుట్టు ఆవిడ కళ్లజోడు సవరించుకుని, "దీనికి డ్రైవరు లేడా?" అన్నారు.

"ఉన్నాను మేడమ్!" అని వెనక నుంచి హారన్ లేచాడు. గోడ మీద గడియారం అదిరింది. వాడి వెనకే మిగతా పదకొండు మందీ లేచి నిలబడ్డారు.

"ఎవరు మీరంతా?" అన్నారావిడ.

"డ్రైవర్లం మేడమ్."

నిదానం తన పద్ధతిలో మెల్లగా వేదిక ఎక్కి, ప్రింటరుని జేబురుమాలుతో తుడిచి, రెండు చేతులా ఎత్తి బరువు చూశాడు. "దీనికి వ్యాను కూడా దండగ సార్. ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లొచ్చు. ఎక్కడ దింపమంటారు?" అని ఛైర్మన్‌గారినే అడిగాడు. వాడి గొంతులో ఎంత మర్యాద ఉందో చెప్పలేను. అందుకే ఎవరూ నవ్వలేకపోయారు. పెట్టుబడివాళ్లు టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు.

ఛైర్మన్‌గారు వేదిక అంచున కూర్చుని బూట్లు విప్పేశారు. "ఇన్నేళ్లు. ఇంతమంది. ఒక్క కాగితం," అన్నారు. నేను పక్కన నిలబడ్డాను. ఆ ప్రింటరు బాధ్యత నాదే కదా.

సాయంత్రం కుండపోతగా వాన పట్టుకుంది. మీవాళ్లు షెడ్డులో బస్సులు చూసి, ఎవరినీ అడక్కుండానే బ్యాటరీలు సరిచేసి, టైర్లకి గాలి కొట్టి, స్టార్టు చేసి గుమ్మం ముందు పెట్టారు. అందరం ఎక్కాం. ఛైర్మన్‌గారు కూడా ముందు సీట్లో కూర్చున్నారు. దారిలో బిస్కెట్ ఫ్యాక్టరీ ముందు జనం తడుస్తూ నిలబడి ఉన్నారు. హారన్ అలవాటు కొద్దీ బస్సు ఆపేశాడు. వాళ్లు అలవాటు కొద్దీ ఎక్కేశారు. "ఎంతివ్వాలి?" అని ఛైర్మన్‌గారి ముందు చేతులు చాపారు. ఆయన వాళ్ల చేతుల్లోని చిల్లరని చాలాసేపు చూస్తూ కూర్చున్నారు. మతి చలించిందేమోనని నాకు భయం వేసింది.

మామగారూ, కంపెనీ మూసేస్తున్నారు. శనివారం బయలుదేరి మీ ఇంటికి వస్తున్నాను. మీ అమ్మాయికి నా నోటితోనే చెబుతాను. అంతవరకూ వీలైతే ఆ షాపు ఓనరు కాళ్లు పట్టుకునైనా రాజీనామా వెనక్కి ఇప్పించండి.

మీ
అల్లుడు

తా.క.: కెర్నల్ మనిషి కాదు, సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం. దయచేసి కోపం తెచ్చుకోకండి.

(గేటు ఆఫీసరు గమనిక: ఈ ఉత్తరంలో ఏదీ కొట్టివేయలేదు. నిన్నటితో నా ఉద్యోగం కూడా పోయింది. అయ్యా, డ్రైవరు అంటే కంప్యూటరు మాట ప్రింటరుకి అర్థమయ్యేలా చెప్పే చిన్న ప్రోగ్రాము. రెండుసార్లూ కొట్టింది నేనే. మన్నించగలరు.)

---

సిబ్బంది రవాణా సర్వీసు, మేనేజరు కార్యాలయం నుంచి,
మీకు:

ఈ ఉత్తరం మా ఇంట్లో, నా పడక కుర్చీలో కూర్చుని చదువుతుంటారని ఊహిస్తున్నాను. మీరు అటు బయలుదేరిన రోజే నేను ఇటు బయలుదేరాను. డ్రైవరు మనిషి కాదన్న కంపెనీ నుంచి నావాళ్లని వెంటబెట్టుకు రావాలని పౌరుషంగా వచ్చాను. దారిలో మన రైళ్లు ఎక్కడో ఒకదాన్నొకటి దాటి ఉంటాయి. మీ చివరి ఉత్తరం నేను ఇక్కడికి చేరాక, మీ గేటు ఆఫీసరు నోటి నుంచే విన్నాను. మనిషి మంచివాడు. పోస్టులో వేయడం మర్చిపోయి జేబులోనే పెట్టుకు తిరుగుతున్నాడు.

డ్రైవరంటే ఏమిటో తెలిశాక నేను గేటు దగ్గర స్టూలు మీద చాలాసేపు కూర్చుండిపోయాను. మిమ్మల్ని ఎన్నెన్ని మాటలన్నాను! మన్నించండి బాబూ.

మీ ఛైర్మన్‌గారు నా పక్కన వచ్చి కూర్చున్నారు. ఇద్దరం ఒకటే టీ పంచుకున్నాం. ఆయనకి మతి చలించలేదు. వాన రోజు నుంచి ఆ రెండు బస్సులూ ఆగనే లేదు. బిస్కెట్ ఫ్యాక్టరీ వాళ్లు వచ్చారు, బట్టల మిల్లు వాళ్లు వచ్చారు, మా మనుషుల్ని కూడా తెచ్చి దింపండని. ఆయనకి స్థలం ఉంది, షెడ్డు ఉంది, బస్సులున్నాయి. ఏ బస్సు ఎప్పుడు ఎటు కదలాలో చెప్పే మనిషి లేడు. "ఆపరేటింగ్ సిస్టమ్ లేదన్నమాట" అన్నాను. ఆయన చాలా రోజుల తర్వాత నవ్వారట. నన్ను మేనేజరుగా వేసుకున్నారు.

మీ సిస్టమ్ పోలేదు. టికెట్ కొట్టే యంత్రాలు కావాల్సి వచ్చాయి. అన్నీ ఒకటే రకం, అందులో ప్రింటరూ ఒకటే రకం. ఆ ఒక్కదానికి నడిచేలా చేయడానికి ఎన్నాళ్లు పడుతుందని మిగిలినవాళ్లని ఛైర్మన్‌గారు అడిగారు. మూడు వారాలన్నారు. మరి అన్ని యంత్రాలకీ అంటే? వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన ఇక ఆ ప్రశ్న వేయనన్నారు. ఫోటోలు చూపించే పని లేదు కాబట్టి మీ కెర్నల్ కూడా పడిపోవడం లేదట.

కాబట్టి ప్రింటరు సంగతి తెలిసిన ఇంజనీరుగా మిమ్మల్ని నియమించడమైనది. పూర్తి జీతం. సోమవారం ఉదయం ఎనిమిదికి మేనేజరు ముందు హాజరు కావలెను. ఆలస్యమైతే సంజాయిషీ రాసివ్వాలి. పొట్టిగా రాస్తే ఒప్పుకోను.

ఇట్లు
మేనేజరు

తా.క.: డ్యూటీలో ఉండగా నన్ను మామగారూ అనకండి. మిగతా డ్రైవర్లు నొచ్చుకుంటారు.

ఇంకో తా.క.: ఇది నేను, మీ భార్యని. నాన్నతో పాటు నేనూ వచ్చేశాను. అతికించమని కవరు నాకిచ్చి షెడ్డు వైపు వెళ్లారు, అందుకే ఈ నాలుగు ముక్కలు.

మీరు దాచమన్నవన్నీ నాకు మొదటి నుంచీ తెలుసు. సగం జీతం, కాఫీ మిషను మరక, చీకట్లో సీటు, అన్నీ. నాన్న ఉత్తరం మనసులో చదువుకోవడం నేను పుట్టాక ఎప్పుడూ చూడలేదు. అమ్మకి వినపడాలని వీధి చివరి దాకా వినపడేలా చదువుతారు. నన్ను ఆపడానికి మీకు నిజం చెప్పే ధైర్యం లేదని రాశారు చూడండి, ఆ రోజే రాజీనామా ఇచ్చాను. ఇప్పుడు ఇక్కడ డ్రైవర్ల కళ్లు పరీక్ష చేస్తున్నాను. తొమ్మిది మందికి అద్దాలు రాశాను. అవి వచ్చేదాకా స్టీరింగు ముట్టుకోవద్దన్నాను. హారన్ నాతో మాట్లాడటం లేదు, ఆ కాస్త ప్రశాంతంగా ఉంది.

మరో సంగతి. డ్రైవరంటే ప్రోగ్రామని కూడా నాకు తెలుసు. షాపులో కొత్త ప్రింటరు వచ్చినప్పుడల్లా కంప్యూటర్లో దాని డ్రైవరు వేసింది నేనే కదా. డ్రైవర్లు లేరని మీరు రాసిన ఉత్తరం నాన్న చదువుతున్నప్పుడే చెప్పబోయాను. కానీ రిటైరైన నాటి నుంచి మధ్యాహ్నం దాకా లుంగీలోనే కూర్చునే మనిషి, "మూడొందల మంది కావాలట" అంటూ లేచి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పాత డ్రైవర్ల ఇళ్లు వెతుక్కుంటూ బయలుదేరారు. నాకు నోరు రాలేదు. పైగా మీరెలా ఉన్నారో మీరు రాయరు. నిదానాన్ని పంపితే చూసి వచ్చి చెబుతాడనుకున్నాను. "పిల్లాడు చిక్కిపోయాడమ్మా, కానీ మాకు కుర్చీలు తనే మోసి వేశాడు" అన్నాడు.

నాన్నకి ఇదంతా చెప్పకండి. నేను కవరు అతికించేస్తున్నాను. తొందరగా రండి.